కొల్లేటి మీది ఆకాశము

2002వ సంవత్సరము మార్చి 3వ తేదీ యుదయమున భీమవరమునుండి హైదరాబాదునకు బయలుదేరిన యొక చిన్న హెలికాప్టరు, నాడు కృష్ణా జిల్లాలో నుండిన కైకలూరు సమీపమున, కొవ్వాడలంక గ్రామపు చెరువులో కూలెను. లోక్‌సభాధ్యక్షులు గంటి మోహనచంద్ర బాలయోగిగారు అందసువులు బాసిరి. వారి యంగరక్షకుడును, పైలటును వారితో మడిసిరి. లోక్‌సభ యధ్యక్షపీఠము నధిష్ఠించిన తొలి దళితుడు, కోనసీమ మట్టిలో పుట్టిన బిడ్డ, ఏబదియేండ్లకే కొల్లేటి సీమలో నొక చేపల చెరువు పాలయ్యెను. కన్నానని వాతావరణములో పైలటు నీటిని నేలగా భ్రమించి దిగబోయెననియు, భ్రమ తెలిసి లేవబోవుతరి కొబ్బరిచెట్టు తగిలెననియు నాడు చెప్పుకొనిరి.

ఇరువదియేండ్లు దాటినవి. చెరువులు నిండుచునే యున్నవి. ఎన్నికల ఋతువు వచ్చినపుడెల్ల నాయకుల హెలికాప్టర్లు ఈ సీమ కళాశాలల యాటస్థలములలో దిగుచునే యున్నవి. తుపాను వెలిసిన మరునాడు మంత్రులు మునిగిన వరిచేలను పైనుండి పరామర్శించి పోవుచునే యున్నారు. చలికాలపు మంచు మారలేదు. కొబ్బరిచెట్లును, కరెంటుతీగలును తగ్గలేదు. మారవలసినది ప్రభుత్వ విధానము. ఆకాశమున నొక యంత్రము వేరొక యంత్రమును గాని, కొండను గాని, తీగను గాని, పక్షిని గాని ఢీకొనకుండ కాపాడు సాధనముల విషయమున మన పాలకుల విధానము పీనుగుల లెక్క ననుసరించి నడచుచున్నదని మా యారోపణ. పెద్ద విమానములో వందలమంది చచ్చినపుడు చట్టము కదలును. చిన్న విమానములో ముగ్గురో యైదుగురో చచ్చినపుడు సంతాప తీర్మానము కదలును.

ఈ యారోపణ కూరక పలికినది కాదు. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలమున హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలములమీద, ఢిల్లీ విడిచి పైకి లేచుచున్న సౌదీ జంబో విమానమును, ఢిల్లీలో దిగవచ్చుచున్న కజకుస్థాను విమానమును మింటనే ఢీకొనినవి. రెంటిలోను కలిసి 349 మంది, ఒక్కడును బ్రదుకలేదు. పొట్టకూటికై అరబ్బుదేశములకు పోవు కూలీలు వారిలో ననేకులు. నాడు ఢిల్లీకి రాకపోకలకు ఒక్కటే దారి. తక్కిన యాకాశము చాలవరకు సైన్యపు వశమున నుండెను. విమానాశ్రయపు రాడారు విమానమున్న దిక్కును, దూరమును చూపునే కాని యెత్తును చూపజాలదు. ఎత్తును తెలుపు రాడారు అప్పటి కింకను వాడుకలోనికి రాలేదు. 15,000 అడుగులయెత్తున నిలువవలసిన కజకు విమానము అంతకు క్రిందికి దిగజారి, 14,000 అడుగులలో నున్న సౌదీ విమానమును తాకెను. ఇన్ని కొఱతలును ఆ సాయంకాలమునకు ముందే యుండినవి. వాని నెఱిగినవారును ఉండిరి. 349 శవములు పొలములలో పడినగాని ఫైలు ఒక బల్లనుండి మఱియొక బల్లకు జరుగలేదు.

జరిగిన పిమ్మట మాత్రము మన ప్రభుత్వము మంచి పనియే చేసెను; దాని నొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. న్యాయమూర్తి లహోతీగారి విచారణ జరిగెను. రాకపోకల దారులు వేరుపడెను. భారతాకాశమున సంచరించు వాణిజ్య విమానములలో ఢీనివారక యంత్రముండి తీరవలెనని శాసనమయ్యెను. ఈ విషయమున మన దేశము పెక్కు దేశములకంటె ముందడుగు వేసినది.

ఆ యంత్రమునకు వైమానికులు టీకాస్ అని పేరిడిరి. దాని పని చదువుకొన్న వారెవరికైన సులభముగ బోధపడును. విమానములలో సాధారణముగ ట్రాన్స్‌పాండరనెడి రేడియో యొకటి యుండును. అడిగినవారికి తన యెత్తును వెంటనే బదులు చెప్పుట దాని ధర్మము. టీకాస్ చుట్టుపట్లనున్న ట్రాన్స్‌పాండర్లను విడువక పలుకరించుచు, ఎవరెంత దూరమున, ఎంత యెత్తున, ఎంత వేగమున సమీపించుచున్నారో లెక్కకట్టుచుండును. ఇంచుమించు నలువది సెకండ్లలో తాకిడి కలుగునని తోచినపుడు హెచ్చరించును. ఇరువదియైదు సెకండ్లు మిగిలినపుడు ఒక విమానమును పైకి లేవుమనియు, రెండవదానిని క్రిందికి దిగుమనియు నాజ్ఞాపించును. క్రిందినుండి మనుష్యుడిచ్చు నాజ్ఞయు, యంత్రమిచ్చు నాజ్ఞయు విరుద్ధమైనచో యంత్రపు మాటనే పాటింపవలెననుట 2002 జూలై 1న జర్మనీ సరిహద్దున 71 మంది ప్రాణములు పోయిన పిమ్మట లోకము నేర్చిన పాఠము.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇక నీ గొడు గెవరి తలపై నున్నదో చూతము. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారి నిబంధన ప్రకారము టీకాస్ వంటి యంత్రము తప్పనిసరియైనది 5,700 కిలోగ్రాములకు మించిన బరువో, 19 మందికి మించిన ప్రయాణికులో గల టర్బైను విమానములకు. మన దేశపు నియమములును ఆసనముల సంఖ్యను, మోయు బరువును కొలబద్దగా గైకొన్నవి. కొవ్వాడలంకలో కూలిన బెల్ 206 తరగతి హెలికాప్టరు ఈ త్రాసులో తూగనే తూగదు. శిక్షణ విమానములును, బాడుగ హెలికాప్టర్లును, నాయకుల సుడిగాలి పర్యటనల యంత్రములును అంతే. వాని కన్నులే వానికి దిక్కు. కన్నులు పనిచేయని మంచులో దైవమే దిక్కు. బరువునుబట్టి ప్రాణమునకు విలువకట్టు నీ న్యాయమును ఏ స్మృతికర్త విధించెనో మా కెఱుకలేదు.

చిన్న యంత్రము పెద్దదానికి ప్రమాదకారి కాదనుకొనుటయు పొరపాటే. 1986 ఆగస్టు 31న అమెరికాలోని లాస్ ఏంజిలీసు సమీపమున నొక చిన్న సొంతవిమానము పెద్ద జెట్టు తోకను తాకెను. చిన్నదానిలోని ట్రాన్స్‌పాండరు ఎత్తును తెలుపునది కాదు. క్రింద నిండ్లలో నున్నవారితో సహా 82 మంది చచ్చిరి. టీకాస్‌ను తప్పనిసరి చేయుచు ఆ దేశపు కాంగ్రెసు 1987లో శాసనము చేయుటకు ఆ ప్రమాదమే కారణము. పెద్దవాని చేతిలో దీపముండిన చాలదు. ఎదుట వచ్చు చిన్నవాడును గొంతెత్తి పలుకవలెను. పలుకనివానిని యంత్రము కనుగొనలేదు.

మఱియొక లోపమున్నది, అది మన కొల్లేటి సీమకు మిక్కిలి సంబంధించినది. టీకాస్ నేలకు సుమారు వేయియడుగుల లోపున ఆజ్ఞ లీయదు. అంత తక్కువ యెత్తున క్రిందికి దిగుమనుట చావుమనుటయే కదా! కనుక నట్లు నిర్మించిరి. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టను నగరమున, దిగబోవుచున్న ప్రయాణికుల విమానమును సైనిక హెలికాప్టరొకటి నేలకు మూడువందల యడుగుల యెత్తున ఢీకొనగా 67 మంది మరణించిరి. విమానములోని యంత్రము హెచ్చరించినది. తప్పించుకొను మార్గమును మాత్రము చెప్పజాలకపోయినది. హెలికాప్టరు తానున్న చోటును తనంతట తాను చాటు రేడియోను ప్రసారము చేయుట లేదు. విచారణలో బయటపడిన సంగతి యింకను ఘోరము. 2021 అక్టోబరు మొదలు 2024 డిసెంబరు వరకు ఆ విమానాశ్రయము చెంత హెలికాప్టర్లును విమానములును మితిమీరి చేరువైన సందర్భములు 15,214. అందు వెంట్రుకవాసిలో తప్పినవి 85. ఆ లెక్కలు ప్రభుత్వపు పెట్టెలోనే యుండెను. చదువుటకు తీరిక లేకపోయెను. సంపన్న దేశములోనే యిట్లుండగా మనమాట చెప్పనేల యని కొందఱందురు. పొరుగువాని యిల్లు కాలుట చూచి మన చూరుమీద నీళ్ళు చల్లుకొందుమా, వాని బూడిదలో చలికాచుకొందుమా యని మేమడుగుచున్నాము.

విమానమును విమానము తాకుట యొక విధము. పైలటు చేతిలో యంత్రము చక్కగ నుండగనే అది నేలనో కొండనో తీగనో తాకుట రెండవ విధము. తెలుగువారికి ఈ రెండవదియే యెక్కువ యేడ్పు తెచ్చినది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు దుర్యోగములో చిక్కి నల్లమల కొండను తాకగా అయిదుగురు మరణించిరి. ఆ జాడ తెలియుటకే యొక రాత్రి గడచినది. 2021 డిసెంబరు 8న కూనూరు కొండలలో సైన్యాధిపతి బిపిన్ రావతుగారి హెలికాప్టరు మేఘములలో జొచ్చి నేలను తాకెను. మన చిత్తూరు జిల్లా జవాను నందు బలియయ్యెను. 2025 మే 8న గంగోత్రి యాత్రికుల హెలికాప్టరు రెక్క మార్గమునకు సమాంతరముగ పోవు తీగను తాకెనని ప్రాథమిక విచారణ తెలిపినది. మడిసిన యాఱుగురిలో తెలుగు ఆడుపడుచు గలదు. ఈ మూడింటికిని కారణము లొక్కటే యని మేమనుట లేదు. అయినను, ఎదుట నేల యున్నది, తీగ యున్నది, పైకి లేవుమని సకాలమున నోరెత్తి చెప్పు సాధనమును చట్టము నిర్బంధముగ కోరవలదా?

అట్టి సాధనము నేడు వింత కాదు. నేల యొక్క మిట్టపల్లముల పటమును యంత్రమునందు నిక్షేపించి, ఉపగ్రహముల మూలమున తన తావును క్షణక్షణమును పోల్చుకొని, ముప్పు రాకమునుపే కేకవేయు హెచ్చరిక యంత్రములు హెలికాప్టర్లకును గలవు. అమెరికావారు రోగులను మోయు హెలికాప్టర్ల కన్నిటికిని దానిని 2017 నుండి తప్పనిసరి చేసిరి. స్విట్జర్లాండులో ఇంజను లేని గ్లైడర్లను నడపు ఔత్సాహికులు, ప్రభుత్వమునకై కాచుకొనక, 2004లో ఫ్లార్మ్ అను చిన్నపెట్టెను తామే నిర్మించుకొనిరి. అది పొరుగు విమానమునే కాక, కొండల నడుమ వ్రేలాడు తీగలను గూడ హెచ్చరించును. మనకు మాత్రము తక్కువ యేమి? ఉపగ్రహముల సూచనలను సరిదిద్ది మఱింత నిక్కముగ చేయు గగన్ వ్యవస్థను మన విమానాశ్రయాధికార సంస్థయు, ఇస్రోయు కలిసి ప్రజాధనముతో నెలకొల్పినవి. దాని మేలు పెద్ద విమానాశ్రయములకంటె సాధనసంపత్తి లేని చిన్న తావులకే యెక్కువ. వజ్రము ఇంటనుంచుకొని గాజుపెంకుతో కోయుట మనకు పరిపాటియైనది.

దీనికి కాసులు లేవందురు. ఒక్క నాయకుని యొక్కనాటి పర్యటనకు బాడుగ హెలికాప్టరుపై వెచ్చించు సొమ్మెంతయో పాఠకులే తలచుకొందురుగాక. అనుభవశాలియగు పైలటునకు యంత్ర మేల యను వాదమును విన్నాము. దానికి కొవ్వాడలంకయే బదులు చెప్పుచున్నది. ఏలూరు, గూడెముల మీదుగా పోవు రైలుబాటనే చూడుడు. రైళ్ళు ఢీకొనకుండ తనంతట బ్రేకువేయు కవచమను సాధనమును తెలుగునాట లింగంపల్లి, వికారాబాదు ప్రాంతముననే పరీక్షించిరి. 2023 అక్టోబరు 29న ఇదే బాటమీద విజయనగరము చెంత కంటకాపల్లియొద్ద ఒక రైలు వెనుకనుండి మఱియొక రైలును తాకి పదిమందికి పైగా చచ్చునాటికి అది యిచ్చటికి రాలేదు. రెండు బండ్ల డ్రైవర్లును అనుభవము లేనివారని యెవరైన ననగలరా? నేలమీది నిదానమునకే ఇంత గతి పట్టినపుడు మింటి తొందరకు వేఱు చెప్పనేల.

ఇప్పుడు గూడెపు సంగతికి వత్తము. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వము విమానముల దిగుడుబాట నొకదానిని వేసెను. యుద్ధము ముగిసెను, తెల్లవారు పోయిరి, బాట మిగిలెను. 2024లో రాష్ట్ర ప్రభుత్వము క్రొత్త విమానాశ్రయములకై యోచించిన తావులలో గూడెమును చేర్చెను. పశ్చిమగోదావరి ప్రజలకు విమానమేల యని మేమనము. రానిండు, మన రైతు బిడ్డలు దేశదేశముల నున్నారు. కాని విమానము రాకమునుపే యిచ్చటి యాకాశమున కాపురమున్నవారి మాట తలపవలెను గదా! కొల్లేరు 1999లో వన్యప్రాణి యభయారణ్యమయ్యెను. బాలయోగిగారు మరణించిన యా 2002లోనే రామ్‌సర్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల జలభూమిగా గణింపబడెను. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు వేలకొలది గూళ్ళు కట్టును. ఆ ఆటపాక యిటు గన్నవరమునకును, అటు గూడెమునకును పక్షిదారిని సుమారు 45 కిలోమీటర్ల దూరమున, రెంటికి నడిమి తావున నున్నది. చెరువుచెరువునకు మేతకై తిరుగు నీ పక్షులు ఎండ యెక్కినకొలది వేడిగాలి సుడుల నాధారము చేసికొని రెక్క కదలింపకయే మీదికి పోవును. ఏలూరు కాలువగట్టున నిలిచి చూచిన బాలునకును తెలిసిన విషయమిది. అధికారుల నివేదికల కెక్కునో లేదో చూడవలసియున్నది.

పెద్దదైన గూడబాతు అయిదారు కిలోగ్రాములు తూగును. జెట్టు ఇంజనుల పరీక్షలో పెద్దపక్షిగా విసరు దాని బరువు మిక్కిలి యెక్కువైన 3.65 కిలోగ్రాములు, ఆ దెబ్బకు ఇంజను నిలిచిపోయినను ముక్కలై విమానమునకు హాని చేయకుండవలెననుటయే నియమము, నడచుచుండవలెననుట కాదు. పైలటు ముందరి యద్దమునకు పెట్టు పరీక్ష యింకను తేలిక పక్షిది. మన కొల్లేటి పక్షి వారి కొలతకే మించినది! పక్షికి ట్రాన్స్‌పాండరు లేదు. దాని విషయమున ఢీనివారకమనగా ముందుగ లెక్కించుట, దారులు తెలిసికొనుట, కాలము నెఱుగుట, పక్షులను పసిగట్టు రాడారు నెలకొల్పుట. 2024 డిసెంబరు 29న దక్షిణకొరియాలోని మువాను విమానాశ్రయమున 179 మందిని బలిగొన్న జెట్టు యొక్క రెండింజనులలోను అడవిబాతుల రక్తమును, ఈకలును దొరకినవి. ఆ విమానాశ్రయమును సముద్రతీరపు చిత్తడినేలల చెంతనే కట్టిరి. విమానాశ్రయమునకు పది కిలోమీటర్లలోపున పశువధయు, చెత్తపారవేతయు కూడవని మన 1937 నాటి విమాన నియమములే శాసించినవి. మంచిదే. కాని గూడబాతు చెత్తకుప్ప వెదకికొని రాదు. చేపల చెరువు వెదకికొని వచ్చును. డెల్టా చెరువులను గూర్చి ఆ నియమ మొక్క మాటయు పలుకదు.

దీనికి తోడు డ్రోనులు వచ్చిపడినవి. పొలములలో మందుచల్లు నీ బుల్లి యంత్రములు రైతునకు మేలు చేయునవే. వానిపై మాకు పగ లేదు. అయితే 2021 నాటి డ్రోను నియమావళి, అనుమతి లేనిదే లేవకుండ చేయు కట్టుబాటును, తావును చాటు బీకనును, హద్దుదాటనీయని కంచెను మున్ముందు ప్రభుత్వము ప్రకటింపవచ్చుననియు, ప్రకటించిన పిమ్మట ఆఱునెలలకు తక్కువ కాని గడువీయవలెననియు వ్రాసికొన్నది. మున్ముందనగా నెప్పుడు? నాలుగువందల యడుగులలోపున డ్రోను, అదే యెత్తున దిగబోవు హెలికాప్టరు, దానికడ్డముగ గూడబాతుల గుంపు. కొల్లేటి యాకాశమున నీ మువ్వురిలో ఒకరి యునికి యొకరికి తెలియజేయు చట్టము లేదు.

1934 నాటి పరప్రభుత్వపు విమానచట్టమును తొలగించి, భారతీయ వాయుయాన్ అధినియమమను పేరిట క్రొత్త చట్టమును 2025 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిరి. పేరు మారెను. తొంబదియేండ్ల పిమ్మట చట్టమునే మార్చుట చేతనైనవారికి నియమముల త్రాసును మార్చుట కష్టమా? పౌరవిమానయాన శాఖ తెలుగువారి చేతికి కొత్తది కాదు. 2014 నుండి 2018 వరకు అశోకగజపతిరాజుగారును, 2024 జూనునుండి కింజరాపు రామ్మోహననాయుడుగారును దానిని వహించిరి. పార్వతీపురపు రాజకీయమునకో, శ్రీకాకుళపు విమానాశ్రయమునకో శాఖను వాడుకొన్న చాలదు. బాలయోగిగారు అధ్యక్షత వహించిన సభకే వీరు జవాబుదారులు.

కనుక మేము కోరునది స్పష్టము. కిరాయికి మనుష్యులను మోయు ప్రతి యంత్రమును, రెక్కలదైనను, సుడిదైనను, ఎంత తేలికదైనను, తన తావును చాటు రేడియోను, ఇతరుల చాటింపును వినిపించు యంత్రమును, నేల హెచ్చరికను ధరింపవలెను. అవి లేని హెలికాప్టరులో మంత్రి యెక్కరాదని మంత్రులే ముందుగ నియమము చేసికొందురుగాక. కరెంటుతీగల, టవర్ల పటము పైలటుల కెల్లరకును ఉచితముగ నీయవలెను. గ్రామమున దిగబోవు హెలికాప్టరునకు మంచెంత యున్నదో చెప్పగల మనుష్యుడొకడు దిగుచోట నుండవలెను, ఇందుకు కోట్లక్కరలేదు. గూడెపు విమానాశ్రయమునకు పర్యావరణానుమతి యడుగుటకుముందు కార్తికమునుండి ఫాల్గునమువరకు ఆటపాక పక్షుల రాకపోకలను ఎత్తుతో సహా లెక్కింపవలెను. ఆ లెక్క ప్రజాభిప్రాయ సేకరణ సభలో తెలుగున చదివి వినిపింపబడవలెను. అట్లు వినిపించువరకు సభను ముగియనీయక కూర్చుండవలసినవారు కైకలూరు, ఆకివీడు, ఏలూరు, గూడెముల పౌరులు.